తెరమీది చెర

చెరలో నున్నవాడెల్ల ఒంటరివాడు కాడు. ఒంటరివాడెల్ల చెరలో లేడు. లోకము ఈ రెండింటిని తరచుగా ఒక్కటిగా భావించును. వాటి భేదమును కంటికి కట్టునట్లు చూపగల కళ చలనచిత్రము. తెర తానే నాలుగు అంచుల గది. ఆ గదిలో దర్శకుడు ఎవరిని నిలుపును? ఎవరిని వెలుపల నుంచును? వెలుపలి ధ్వనిని ఎంతవరకు లోనికి రానిచ్చును? ఈ మూడు ప్రశ్నలతో ఒక మంచి పాఠము నారంభింపవచ్చును.

చలనచిత్రమును పాఠముగా చెప్పుట మన దేశమున క్రొత్త కాదు. 1947లో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా మొదలైనవారు కలకత్తాలో ఫిల్మ్ సొసైటీని స్థాపించిరి. 1959లో ఇట్టి సంఘములన్నియు ఒక సమాఖ్యగా ఏర్పడినవి. పూనాలో 1960లో ఫిల్మ్ ఇన్‌స్టిట్యూటును, 1964లో జాతీయ చలనచిత్ర భాండాగారమును వెలసినవి. అచట సతీశ్ బహదూర్ అను ఆచార్యుడు ‘పథేర్ పాంచాలి’ని ఘట్టము వెంట ఘట్టముగా విప్పి చెప్పి, చిత్రమును చదువుట యెట్లో ఎందరికో నేర్పెను. ఆ పద్ధతికి గొప్ప పరికరములు అక్కరలేదు. చూపుట, ఆపుట, ప్రశ్నించుట, మరల చూపుట - ఇంతే. చీపురుపల్లి వంటి ఊరిలో ఒక పాఠశాల గదియు, తెల్లని గోడయు, ఒక ప్రొజెక్టరును, విద్యార్థులతోబాటు కూర్చుండుటకు ఇష్టపడు పదిమంది ఊరివారును ఉన్నచో తరగతి నడచును.

ఈ విషయమునకు ఆ ప్రాంతము మిక్కిలి తగినది. రైలుబండిలో కొలది సేపు పయనించిన విజయనగరము వచ్చును. అది గురజాడ అప్పారావుగారు ‘కన్యాశుల్కము’ వ్రాసిన ఊరు. 1897లో అచ్చయిన తొలికూర్పు పీఠికలో వారొక లెక్క నిచ్చిరి. నాటి విశాఖపట్టణము జిల్లాలో, బ్రాహ్మణ కుటుంబములలో, మూడేండ్లలో జరిగిన కన్యాశుల్క వివాహములు 1034 అని విజయనగర మహారాజు చేయించిన విచారణలో తేలెను. అప్పుడు చీపురుపల్లి తాలూకా ఆ జిల్లాలోనిదే. తరగతిలో మొదట నల్లబల్లమీద వ్రాయవలసినది ఆ సంఖ్య. అది వట్టి అంకె కాదు. అన్ని యిండ్లలో మూతపడిన తలుపు.

ఆ నాటకమును 1955లో వినోదా సంస్థ పక్షమున పి. పుల్లయ్యగారు చిత్రముగా తీసిరి. గిరీశముగా ఎన్.టి. రామారావు, మధురవాణిగా సావిత్రి, బుచ్చమ్మగా షావుకారు జానకి నటించిరి. సాధారణముగా చర్చ యంతయు గిరీశముచుట్టు, మధురవాణిచుట్టు తిరుగును. ఈ తరగతిలో మాత్రము చూడవలసినది బుచ్చమ్మను. ఆమె పుట్టింటనే యున్నది. తల్లి, తండ్రి, తమ్ముడు, చెల్లెలు అందరును చుట్టునే యున్నారు. అయినను ఆమె మనసులో నేమున్నదని అడుగువారు ఆ యింట లేరు. తుదకు అడిగినవాడు గిరీశము! ఆ మాటలలో నిజమెంత, బూటకమెంత అని తూచుటకు ఆమెకు మరియొక నేస్తము లేదు. ఒంటరితనము మొట్టమొదట తలుపు తీయునది మోసగానికే. విద్యార్థులు, విశేషించి బాలికలు, ఈ చిత్రమునుండి గ్రహింపవలసిన మొదటి పాఠమిది.

కోస్తా అగ్రహారము నుండి తెలంగాణపు గడికి పోయినచో చెర మరియొక రూపమున కనబడును. బి. నర్సింగరావుగారు 1988లో తీసిన ‘దాసి’ నిజాము కాలపు దొరల గడిలో ఒక దాసి బ్రతుకును చిత్రించినది. కమలాక్షి పాత్ర ధరించిన అర్చనకు ఉత్తమ నటిగా జాతీయ పురస్కారము లభించెను. చిత్రమునకు మొత్తము ఐదు జాతీయ పురస్కారములు వచ్చినవి. కమలాక్షి కాళ్లకు సంకెలలు లేవు. ఆమెను కట్టివేసినది దొర ఆజ్ఞ, తన నిరాధారత. తుదకు తన కడుపులోని బిడ్డను నిలుపుకొను హక్కు సైతము ఆమెకు లేకపోయెను. పెద్ద తరగతుల వారికి ఈ చిత్రమును చూపి, ఆమె నెవరు పేరు పెట్టి పిలుచుచున్నారో, ఎవరు కేవలము పని చెప్పుచున్నారో లెక్కింపుమని చెప్పవలెను. చెరయు ఒంటరితనమును రెండును కలిసినచోట మాటలు తరిగిపోవును, మిగులునది ఆజ్ఞలే.

ఇందుకు ప్రతిగా చూపదగినది ఫ్రాన్సు దేశపు దర్శకుడు రాబర్ బ్రెస్సాన్ 1956లో తీసిన ‘ఎ మాన్ ఎస్కేప్డ్’. ఆంద్రే దెవిన్యీ అను ప్రతిఘటన వీరుడు 1943లో లియోన్ నగరపు మోంలూక్ కారాగారము నుండి తప్పించుకొనిన యథార్థ వృత్తాంతమే దానికాధారము. బ్రెస్సాన్ తానును జర్మనుల చేత చిక్కి యుద్ధఖైదీగా నున్నవాడే. చిత్రములోని ఖైదీ ఫోంతేన్ ఒక చెంచాను నేలపై అరగదీసి, దానితో తలుపు పలకలను వదులు చేయును. పరుపుగుడ్డలతో త్రాడు పేనును. చిత్రమున చాలభాగము ఆ యిరుకు గది, ఆ చేతులు, ఆ ముఖము మాత్రమే. కాని చెవికి లోకమంతయు వినబడుచుండును: తాళపుచెవుల చప్పుడు, కావలివాని అడుగులు, గోడ యావల రైలు కూత. రైలుకట్ట ప్రక్క పెరిగిన చీపురుపల్లి పిల్లలకు ఆ కూత యర్థమును విప్పి చెప్పనక్కరలేదు. కనుక ఒకమారు తెరను మూసి, ధ్వనిని మాత్రమే వినిపించి, ఎవరేమి విన్నారో వ్రాయింపవలెను. లోపలిది కన్ను చూచును. వెలుపలిది చెవి తెచ్చును.

ఫోంతేన్ చెరలో నున్నాడు గాని ఒంటరివాడు కాడు. గోడమీద వ్రేళ్లతో తట్టి ప్రక్క గదివానిని పలుకరించును. ముఖము కడుగుకొను చోట గుసగుసలాడును. ఆశ విడిచిన పొరుగు ముసలివాడు సైతము క్రమముగా మెత్తబడి తన కంబళి నిచ్చును. తుదిక్షణమున తన గదిలోనికి వచ్చిపడిన కుఱ్ఱవానిని నమ్ముటయా, చంపుటయా అను సంకటము వచ్చినపుడు, అతడు నమ్ముటయే కోరుకొనును. ఆ కుఱ్ఱడే లేనిచో కడపటి గోడ దాటుట సాధ్యము కాకపోయెడిదని చిత్రము తేల్చును.

అదూర్ గోపాలకృష్ణన్ తీయగా 1990లో విడుదలైన మలయాళ చిత్రము ‘మతిలుకళ్’ ఈ భావమునే మరియొక మెట్టు పైకి చేర్చినది. వైక్కం మహమ్మద్ బషీర్ రచన దానికి మూలము. బషీర్ పాత్రను మమ్ముట్టి ధరించెను. కారాగారమున స్త్రీల విభాగమునకు, పురుషుల విభాగమునకు నడుమ ఎత్తైన గోడ. ఆవల నారాయణి యను ఖైదీ. తానున్నానని తెలుపుటకు ఆమె ఒక ఎండుకొమ్మను పైకి విసరును. ఆమె కంఠము వినబడును. ఆమె రూపము చిత్రమందెచ్చటను కనబడదు. ఇరువురును కలిసికొనదలచిన తరుణమున బషీరునకు విడుదల యగును. ఆ విడుదలను అతడు సంతోషముతో స్వీకరింపలేడు. చెర తొలగినపుడే ఒంటరితనము ప్రారంభమైనది! ఈ ముగింపు సంతోషకరమా, విషాదమా అని తరగతిని రెండు పక్షములు చేసి వాదింపజేయుట మంచిది.

ఈ పాఠము నేటి పిల్లలకు దూరమైనది కాదు. 2020 మార్చి 25న దేశమంతటను రాకపోకలు నిలిచిపోయినపుడు, నాలుగు గోడలనగా నేమో పసివారు సైతము ఎరిగిరి. ఇంట పదిమంది యున్న పిల్లవాడు ఆ దినముల నొక విధముగా గడపెను. పలుకరించువారు లేని వృద్ధురాలు వేరొక విధముగా గడపెను. గోడలు సమానమే, భేదమంతయు పలుకరింపులో నున్నది. ఇప్పుడు చిత్రమును సైతము ఎవరి ఫోనులో వారే, చెవులు మూసికొని చూచుట అలవాటైనది. పదిమందితో కూడి చూచి, చూచినదానిని గూర్చి మాటలాడుట యను సాధారణమైన పని ఆ కారణముచేతనే విలువ గలదైనది.

కాని ఈ తరగతి యొక్క అసలు పరీక్ష తెర ఆరిన తరువాత వచ్చును. 2019-21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశములో 20 నుండి 24 ఏండ్ల వయసుగల స్త్రీలలో 29.3 శాతము మందికి పదునెనిమిదేండ్లు నిండకమునుపే వివాహమైనది. శుల్కము పోయినది, ఆచారము పేరు మారినది, తలుపు మాత్రము పూర్తిగా తెరచుకొనలేదు. పాఠశాలలో ఉపాధ్యాయుని బల్లమీద నుండు హాజరుపట్టీయు ఒక తెర వంటిదే. అందు పేరున్నవారు కనబడుదురు. పేరు కొట్టివేయబడినవారు అంచునకు వెలుపల పోవుదురు. ఆ పట్టీకి వెలుపలికి పోయిన బాలికయే తరచుగా ఏదో యొక యింటి గోడలకు లోపల చిక్కుకొని యుండును.

చిత్రము ముగిసిన పిదప ఉపాధ్యాయుడు అడుగవలసిన కడపటి ప్రశ్న యొక్కటే: నిరుడు ఈ బల్లమీద కూర్చుండి, ఈ యేడు రానిది ఎవరు? బదులు వచ్చును, పిల్లలకు తెలియని సంగతి యుండదు. మరునాడు తోడి బాలికలు ఇద్దరును, ఒక ఉపాధ్యాయినియు ఆ యింటికి పోయి తలుపు తట్టవలెను. ఆమె తండ్రితో మాటలాడుట తరువాతి సంగతి. మొదట ఆమెను పేరు పెట్టి పిలువవలెను.