గన్నేరు తిని బతికే గొంగళి

దేవుడి పూల కోసం వాకిట్లో గన్నేరో నందివర్ధనమో వేసుకోవడం కోటవురట్ల చుట్టుపక్కల ఊళ్లలో మామూలే. ఆ కొమ్మల చివర లేత ఆకులు ఉన్నట్టుండి మాయమై, కింద మిరియాల్లాంటి పెంటికలు రాలి ఉంటే, పైన గన్నేరు హాక్‌మాత్ గొంగళి మేస్తున్నట్టే. చాలామంది వెంటనే పురుగుమందు అందుకుంటారు. అంత అవసరం లేదు.

తల్లి మాత్ లేత ఆకుల మీద ఒక్కొక్కటిగా గుడ్లు పెడుతుంది. పసుపు రంగు పిల్లపురుగు, వెనక సన్నటి నల్ల కొమ్ముతో బయటికొస్తుంది. నాలుగుసార్లు కుబుసం విడిచి, దాదాపు మూడు వారాల్లో బెత్తెడు పొడవు పెరుగుతుంది. అప్పటికి ఒళ్లంతా ఆకుపచ్చ, పక్కల వెంట తెల్లటి చార. కొమ్ము పొట్టిదై పసుపుబారుతుంది. వేలితో తాకితే తల లోపలికి లాక్కుని మెడ ఉబ్బిస్తుంది. ముడతల్లో దాగిన రెండు నీలి మచ్చలు కళ్లలా తెరుచుకుంటాయి. పిట్టను జడిపించడానికే ఆ వేషం. కొమ్ము కుట్టదు, దురద పెట్టే నూగూ లేదు.

గన్నేరులోని ఒలియాండ్రిన్ గుండెను దెబ్బతీస్తుంది. మేసిన పశువులు చనిపోతాయి. కణాల్లోకి పొటాషియాన్ని, బయటికి సోడియాన్ని తోడే ఎంజైమును ఆ విషం ఆపేస్తుంది. ఈ గొంగళి ఎంజైము కూడా అదే విషానికి తేలిగ్గా లొంగుతుందని 2009లో జర్మనీ శాస్త్రవేత్తలు తేల్చారు. పైగా ఇది విషాన్ని ఒంట్లో దాచుకోదు. అంటే దాని రక్షణ అంతా, విషం పేగు దాటి నరాలదాకా చేరకుండా చూసుకోవడంలోనే ఉండాలి.

మేత ముగిశాక వీపు ముదురు గోధుమరంగుకు తిరుగుతుంది. చెట్టు దిగి, రాలిన ఆకుల మధ్య దారాలు అల్లుకుని ప్యూపా అవుతుంది. వెచ్చటి రోజుల్లో రెండు మూడు వారాలకు రెక్కలొస్తాయి. చాస్తే సుమారు పది సెంటీమీటర్ల వెడల్పు, ఆకుపచ్చ మీద గులాబీ, తెలుపు చారికలు. పగలు ఆకుల్లో కలిసిపోయి, సందె చీకట్లో పూల ముందు గాలిలోనే నిలబడి తొండంతో తేనె పీలుస్తుంది. సాయంత్రం విచ్చే చంద్రకాంత వంటి పొడవాటి గొట్టపు పూలకు పుప్పొడి మోసేది ఎక్కువగా హాక్‌మాత్‌లే. ఎగరడంలోనూ గట్టివే. వేసవిలో ఆఫ్రికా నుంచి మధ్యధరా సముద్రం దాటి యూరప్ చేరుతుంటాయి.

గొంగళి తిన్న కొమ్మ మళ్లీ చిగురిస్తుంది. కాబట్టి మందు కొట్టకండి, చెట్టు కింది ఆకులు ఊడ్చి తగలబెట్టకండి. పిల్లలకు దాన్ని దగ్గరగా చూపించండి. గన్నేరు పాలు అంటితే మాత్రం చేతులు శుభ్రంగా కడుక్కోమనండి.