మరమ్మతుల తరువాత ఇంటిని వీడని వాసన – ధూపం ఎప్పుడు? ఎలా?

భద్రాచలం వద్ద గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జూలై 16న 71.3 అడుగులకు పొంగింది. 2024 సెప్టెంబరు 1న మున్నేరు ఖమ్మం కాలనీలను ముంచెత్తింది. వరద తీసిన పిమ్మట గృహస్థులు గోడలకు పూత పూయించి, రంగులు వేయించి, పండుగనాటికి ఇల్లు సిద్ధం చేసుకుంటారు. అయినా వాసన మాత్రం నెలల తరబడి వీడదు. కారణం తెలియకుండా చేసే చికిత్స ఫలించదు.

రెండు విధాల వాసనలు

ముక్కిపోయిన వాసన గోడలోని చెమ్మవల్ల, దానిపై పెరిగే బూజువల్ల పుడుతుంది. ఘాటైన వాసన రంగులు, వార్నిషు, టర్పెంటైనుల నుండి వెలువడే ఆవిరి. మొదటిది ఉబ్బసాన్ని రేపుతుంది. రెండవది తలనొప్పి, కళ్లమంట, వికారం కలిగిస్తుంది.

గోడ ఆరినదా?

జానెడు ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు నాలుగువైపులా గట్టిగా అంటించి, మరునాడు చూడండి. లోపల నీటిబిందువులు కనిపిస్తే చెమ్మ ఇంకా ఉన్నట్లే. అట్టి గోడకు రంగు వేస్తే బూజు లోపలే పెరిగి, రంగు పొరలుగా ఊడుతుంది.

ధూపవిధి

సుశ్రుత సంహిత సూత్రస్థానం 19వ అధ్యాయం వ్రణరోగి గదికి ఆవాలు, వేపాకు, నెయ్యి, ఉప్పు కలిపి రోజుకు రెండు పూటలా, పది రోజులు ధూపం వేయమన్నది. మన ఇళ్లలో సాంబ్రాణి, గుగ్గిలం, వావిలాకు కూడా వాడుకలో ఉన్నాయి. అయితే ధూపం వాసనను కప్పుతుందే గాని చెమ్మను తీయదు. కనుక గోడ ఆరి, రంగుల ఘాటు పూర్తిగా తగ్గిన తరువాతనే, కొద్దిగా వేసి, తలుపులు తెరవాలి. టర్పెంటైను ఆవిరి ఉన్న గదిలో నిప్పు తేవడం ప్రాణాపాయం. పసిపిల్లలు, గర్భిణులు, ఉబ్బసరోగులు ఉన్నచోట పొగ వద్దు.

గృహచికిత్స

• ఎదురెదురు కిటికీలు పగలంతా తెరచి, ఫ్యానును బయటికి గాలి పోయేలా ఉంచండి.
• బూజును సబ్బునీటితో రుద్ది కడిగి ఆరబెట్టండి. ముక్కుకు గుడ్డ కట్టుకోండి.
• తడిసిన పరుపులు, అట్టపెట్టెలు పారవేయండి.
• అలమరలలో కట్టెబొగ్గును బుట్టలో ఉంచండి. కొంతమేరకు వాసనను పీలుస్తుంది.
• బ్లీచింగు పొడిని యాసిడ్‌తో ఎన్నడూ కలపరాదు, విషవాయువు పుడుతుంది.

ఘాటు తగ్గేవరకు ఆ గదిలో నిద్రించవద్దు. ఆయాసం, ఎడతెగని దగ్గు కనిపిస్తే ఇంటివైద్యంతో కాలయాపన చేయక వైద్యుని సంప్రదించండి.