కొబ్బరిచెట్ల దీవిలో బోర్ష్ ఘుమఘుమ!

నీలిరంగు సముద్రం... తెల్లని ఇసుక... ఏడాది పొడవునా ముప్ఫై డిగ్రీల ఎండ. మామిడిపళ్లూ, కొబ్బరిబోండాలూ, రొయ్యలూ ఏం కావాలన్నా వీధి చివరే. థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ దీవికి వెళ్లినవాళ్లకు ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ అక్కడే కాపురం పెట్టిన రష్యన్లను అడిగి చూడండి, వాళ్ల జాబితా వేరే! నల్ల రొట్టె, పుల్లటి మీగడ, ఉప్పులో ఊరిన చేప... అన్నిటికన్నా ముందు గ్రేచ్కా.

సెలవులకు వచ్చినవాళ్లకు ఈ బెంగ ఉండదు. రెండు వారాలు కొబ్బరిపాల కూరలు తిని విమానం ఎక్కేస్తారు. పిల్లల్ని అక్కడి బడిలో చేర్పించి ఉండిపోయినవాళ్లదే అవస్థ. మొదటి నెలంతా మామిడిపండుతో తినే తియ్యటి అన్నం బాగానే ఉంటుంది. మూడో నెలలో పిల్లాడికి జ్వరం వస్తుంది. తగ్గాక పథ్యం ఏం పెట్టాలి? మన ఇంట్లో అయితే మిరియాల చారు, మెత్తటి అన్నం. రష్యన్ అమ్మకు తెలిసింది కోడి సూపు, వెన్నముద్ద వేసిన గ్రేచ్కా. అప్పుడు మొదలవుతుంది వేట.

ఇంతకీ ఏమిటీ గ్రేచ్కా? ఇంగ్లిషులో బక్‌వీట్ అంటారు. పేరులో గోధుమ ఉన్నా గోధుమకూ దీనికీ చుట్టరికం లేదు. వృక్షశాస్త్రం లెక్కన ఇది మన చుక్కకూర కుటుంబానికి చెందిన మొక్క! ఉత్తరాదివాళ్లు నవరాత్రి ఉపవాసాల్లో వాడే కుట్టు పిండి దీన్నుంచి వచ్చేదే. గింజల్ని గోధుమరంగు వచ్చేదాకా వేయించి అమ్మడం రష్యన్ల పద్ధతి. ఒకటికి రెండు నీళ్లు పోసి ఉడికిస్తే పొడిపొడిగా వస్తుంది. పొద్దున పాలతో, మధ్యాహ్నం మాంసం కూరతో తింటారు. మాస్కోలో తెలుగులో అచ్చై మన దగ్గరి పుస్తకాల దుకాణాలకు వచ్చిన రష్యన్ కథలు చదివిన పెద్దవాళ్లు, ఆ పాత్రలు పొద్దున్నే తినే జావ ఏమిటా అని అనుకునే ఉంటారు. చాలాసార్లు అది ఇదే అయ్యుండాలి.

అదంటే వాళ్లకెంత ప్రాణమంటే... 2014 చివర్లో రూబుల్ పడిపోయినప్పుడూ, 2020 మార్చిలో కరోనా భయం మొదలైనప్పుడూ రష్యాలో జనం ఎగబడి కొని దాచుకున్నవాటిలో గ్రేచ్కా ఉంది. 2021 జూన్ నుంచి ఆగస్టు దాకా అక్కడి ప్రభుత్వం దాని ఎగుమతినే ఆపేసింది.

మరి ఫుకెట్‌లో దొరకదా? దొరుకుతుంది, కానీ మారువేషంలో! సూపర్‌మార్కెట్లో జపాన్ సరుకుల అరలో సోబా నూడుల్స్ రూపంలో ఒకసారి, ఆరోగ్య ఆహారాల అరలో లేతాకుపచ్చని పచ్చి గింజలుగా మరోసారి. పచ్చివాటిని అలాగే వండితే ముద్దవుతుంది, ఆ వాసనా రాదు. తెలిసినవాళ్లు ఇంటికి తెచ్చి మూకుడులో దోరగా వేయించుకుంటారు. వంటిల్లంతా కమ్మటి వాసన నిండితే పని అయినట్టే.

ఇంత కష్టపడేకన్నా ఒకప్పుడు సులువైన దారి అమ్మమ్మ సూట్‌కేసు. చలికాలంలో మనవల్ని చూడ్డానికి వచ్చే ముసలావిడ బట్టలకన్నా పొట్లాలే ఎక్కువ తెచ్చేది. మనవాళ్లు అమెరికాకి గోంగూర పచ్చడి మోసుకెళ్లడంలేదూ! 2022 మార్చిలో ఆ దారి మూసుకుపోయింది. ఉక్రెయిన్‌పై యుద్ధం మొదలైన రెండు వారాలకే రష్యా బ్యాంకులిచ్చిన వీసా, మాస్టర్‌కార్డులు విదేశాల్లో పనిచేయడం మానేశాయి. మాస్కో నుంచి నేరుగా వచ్చే విమానాలూ ఆగిపోయాయి. వేలమంది దీవిలో చిక్కుకుపోయారు. ఏటీఎం డబ్బులివ్వదు, అమ్మమ్మ రాలేదు. చేతిలో ఉన్న కాస్త నగదుతో బియ్యం కొనాలా, మూడింతలు ధర పెట్టి గ్రేచ్కా కొనాలా అన్నది అప్పుడు చిన్న ప్రశ్నేం కాదు.

ఆ ఏడాది అక్టోబరు చివర్లో విమానాలు మళ్లీ మొదలయ్యాయి. ఈసారి వచ్చినవాళ్లలో చాలామంది తిరుగు టిక్కెట్టు గురించి తొందరపడలేదు. 2023లో థాయ్‌లాండ్‌కు వచ్చిన రష్యన్లు 14 లక్షలు దాటారు. దీవికి దక్షిణాన రవాయి, నైహర్న్... పడమటి తీరాన బాంగ్‌తావ్ ప్రాంతాల్లో రష్యన్ అక్షరాల బోర్డులు పెరిగాయి. చిన్న చిన్న దుకాణాల్లో గ్రేచ్కా, పొద్దుతిరుగుడు గింజలు, ఊరబెట్టిన దోసకాయలు, ఫ్రీజర్లో పెల్మెనీ... మాంసం కూరిన చిన్న కుడుముల్లాంటివి. ఆ అరల ముందు ఉక్రెయిన్ వాళ్లూ, కజకిస్థాన్ వాళ్లూ కనబడతారు. ఎవరి బాధలు ఎలా ఉన్నా చిన్నప్పుడు తిన్న సరుకులు ఒకటే మరి.

అన్నీ పొట్లాల్లో వచ్చేవి కావు. పాల సంగతే చూడండి. థాయ్ వంటలో పాలంటే కొబ్బరిపాలే. రష్యన్ పిల్లల పొద్దుటి ఫలహారం సిర్నికీకి మాత్రం త్వరోగ్ కావాలి. పులిసిన పాలను సన్నని సెగమీద విరగనిచ్చి, గుడ్డలో మూటకట్టి వేలాడదీస్తే మిగిలేదే త్వరోగ్. మన పనీర్‌కి పుల్లటి చెల్లెలు అనుకోవచ్చు. నెలల తరబడి నిల్వ ఉండే డబ్బా పాలతో అది సరిగ్గా రాదు. పాలు పులియబెట్టడానికి కేఫిర్ గింజలు కావాలి. చూడ్డానికి చిన్న కాలీఫ్లవర్ ముక్కల్లా ఉండే వీటిని ఇల్లూ ఇల్లూ పంచుకుంటారు. పక్కింటికి గిన్నె పట్టుకెళ్లి తోడు అడిగి తెచ్చుకోవడం మనకు కొత్త కాదు కదా. అక్కడ కూడా కొత్తగా వచ్చిన ఇల్లాలికి మొదటి స్నేహితురాలు దొరికేది చాలాసార్లు ఈ గింజలతోనే.

నల్ల రొట్టెది ఇంకో తంటా. బొరొదిన్స్కీ అనే రొట్టెలో రై పిండి, మాల్ట్, పైన ధనియాలు పడతాయి. ధనియాలకు కొదవలేదు. రై మాత్రం చలిదేశాల పంట. పైగా మాస్కో వంటింట్లో తీరిగ్గా పులిసే పిండి ఇక్కడి వేడికి గబగబా పొంగి పుల్లగా అయిపోతుంది. ఎండాకాలంలో ఇడ్లీ పిండితో కుస్తీపట్టేవాళ్లకు ఈ కష్టం వేరే చెప్పక్కర్లేదు. హెరింగ్ చేప కూడా చల్లని సముద్రాలదే. అది దొరకనప్పుడు అండమాన్ సముద్రంలో పడే కానాగంతల్ని ఉప్పు నీళ్లలో ఊరేసి సరిపెట్టుకుంటారు.

తేలిగ్గా దొరికేదీ ఒకటుంది... తీపి చిక్కపాల డబ్బా. థాయ్ టీలో, రోడ్డుపక్క రోటీలమీద ధారలుగా పోసేది అదే. మురిసిపోయి కొన్నవాళ్లకు డబ్బా వెనక అక్షరాలు చదివాక తెలుస్తుంది, చాలావాటిలో పామాయిల్ కలుస్తుందని. పాలూ చక్కెరా తప్ప మరోటి ఎరగని రష్యన్ నాలుక ఆ తేడాని ఇట్టే పట్టేస్తుంది.

అసలైన ఆశ్చర్యం ఆకుకూరల దగ్గర ఎదురవుతుంది. ఉక్రెయిన్‌లో పుట్టి రష్యన్ ఇళ్లలోనూ తరతరాలుగా వండే బీట్‌రూట్ సూపు బోర్ష్. ఉక్రెయిన్ బోర్ష్ వంటకాన్ని 2022 జులైలో యునెస్కో కాపాడుకోవాల్సిన వారసత్వాల జాబితాలో చేర్చింది. బీట్‌రూట్, క్యాబేజీ ఫుకెట్ బజార్లో ఉంటాయి. దింపేముందు చల్లే డిల్ ఆకు లేకపోతే మాత్రం అది బోర్ష్ కాదు. మన హైదరాబాద్ మార్కెట్లలో సోయకూర పేరుతో అమ్మే, దారాల్లాంటి ఆకు అది. పెద్ద దుకాణాల్లో విదేశీ సరుకుగా చిన్న డబ్బాలో, మండే ధరకి ఉంటుంది. కానీ మామూలు సంతలో నేలమీద పరిచి కూర్చున్న అమ్మల దగ్గర అదే ఆకు కట్టలు కట్టలు! థాయ్‌లాండ్ ఈశాన్య ప్రాంతం ఈసాన్ వాళ్లు చేపల పులుసులో దాన్ని వాడతారు. పేరు ఫక్చీలావ్... అంటే లావోస్ కొత్తిమీర. ఆ రెండు ముక్కలు పలకడం వస్తే చాలు, బోర్ష్ సగం అయినట్టే. అమ్మే ఆవిడకు రష్యన్ రాదు, కొనే ఆవిడకు థాయ్ రాదు. అయినా కట్టను ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్న మనిషిని చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది.

ఇప్పుడు సరుకులకు లోటు లేదు. వచ్చిన చిక్కల్లా కంచం దగ్గరే. అమ్మ ఇంత వెతికి, వేయించి, వెన్న వేసి పెట్టిన గ్రేచ్కాను నాలుగేళ్లుగా దీవిలో పెరిగిన పిల్లాడు ఓ చెంచా తిని పక్కకి జరుపుతాడు. వాడికి కావాల్సింది బడి దగ్గర బండిమీద అమ్మే వేడివేడి బియ్యం జావ... పైన కాస్త అల్లం, ఓ గుడ్డు!