కంప్యూటర్‌లో కంప్యూటర్, అందులో జెంటూ

ఆపరేటింగ్ సిస్టమ్ రాసేవాళ్లకు మొదటి నుంచీ ఒక చిక్కు ఉంది. రాసింది పరీక్షించాలంటే కంప్యూటర్ మొత్తం వాళ్ల చేతికి రావాలి. ఎక్కడైనా తప్పు దొర్లితే ఆ యంత్రం మీద నడిచే మిగతా పనులన్నీ నిలిచిపోతాయి. గదంత కంప్యూటర్లున్న 1960లలో అలా ఒక్కరికే యంత్రాన్ని అప్పగించడం చాలా ఖరీదైన వ్యవహారం.

దీనికి ఒక జవాబు అమెరికాలోని కేంబ్రిడ్జ్‌లో, ఐబీఎం శాస్త్ర కేంద్రంలో దొరికింది. రాబర్ట్ క్రీసీ బృందం రూపొందించిన సీపీ-40 అనే వ్యవస్థ 1967లో వాడకంలోకి వచ్చింది. ఒకే సిస్టమ్/360 యంత్రం మీద అది 14 వర్చువల్ మెషీన్ల (సొంత కంప్యూటర్‌లా ప్రవర్తించే సాఫ్ట్‌వేర్ యంత్రాల) దాకా నడిపేది. ఒక్కోదానికి 256 కిలోబైట్ల మెమరీ ఉండేది. ఎవరి యంత్రం వాళ్లది. ఒకటి కుప్పకూలినా పక్కవాటికి సెగ తగలదు. 1972లో ఐబీఎం ఇదే ఆలోచనను వీఎం/370 పేరుతో మార్కెట్లోకి తెచ్చింది.

దీని కీలకం ఇది. లోపలి సిస్టమ్ మామూలు లెక్కలు చేస్తున్నంతసేపు అసలు ప్రాసెసర్ మీదే నేరుగా నడుస్తుంది. హార్డ్‌వేర్‌ను శాసించే ఆదేశం ఇవ్వబోతే మాత్రం ప్రాసెసర్ దాన్ని ఆపి, వర్చువల్ మెషీన్లను నడిపే హైపర్‌వైజర్ అనే ప్రోగ్రామ్‌కు కబురు పెడుతుంది. హైపర్‌వైజర్ ఆ పని తాను చేసి, ఫలితం లోపలికి అందిస్తుంది. అలాంటి ఆదేశాలన్నీ తప్పకుండా పట్టుబడాలని పోపెక్, గోల్డ్‌బర్గ్ అనే పరిశోధకులు 1974లో సూత్రీకరించారు.

ఇంటెల్ పీసీ ప్రాసెసర్లలో ఈ నియమం కుదరలేదు. ఉదాహరణకు పాప్ఎఫ్ అనే ఆదేశం. అధికారం లేని ప్రోగ్రామ్ దాంతో ఇంటరప్టులను ఆపబోతే ప్రాసెసర్ ఆ భాగాన్ని చడీచప్పుడు లేకుండా వదిలేసేది. హైపర్‌వైజర్‌కు సంగతే తెలిసేది కాదు. వీఎంవేర్ 1999లో దీనికి దారి కనిపెట్టింది: ఇబ్బందిపెట్టే ఆదేశాలను నడిచేటప్పుడే వేరే ఆదేశాలుగా మార్చేయడం. 2005లో ఇంటెల్, 2006లో ఏఎండీ ప్రాసెసర్లలోనే తగిన సదుపాయం పెట్టాయి. 2007 ఫిబ్రవరిలో లినక్స్ కెర్నెల్‌లో కేవీఎం అనే హైపర్‌వైజర్ చేరడంతో, మామూలు లినక్స్ ల్యాప్‌టాప్‌లో కూడా ఆ సదుపాయాన్ని వాడుకోవడం సులువైంది.

1999లోనే మరో కథ మొదలైంది. డేనియల్ రాబిన్స్ ఈనాక్ అనే లినక్స్ రూపొందించసాగారు. నీళ్లలో అతి వేగంగా ఈదే పెంగ్విన్ జాతి పేరుతో అదే జెంటూ అయింది. 1.0 వెర్షన్ 2002 మార్చిలో వెలువడింది. ఫ్రీబీఎస్‌డీలోని పోర్ట్స్ పద్ధతి స్ఫూర్తితో ఆయన పోర్టేజ్ అనే ప్యాకేజీ మేనేజర్ తయారుచేశారు. మిగతా లినక్స్‌లు చాలావరకు సిద్ధంగా వండిన ప్రోగ్రామ్‌లను దించుకుంటే, జెంటూ సోర్స్ కోడ్ తెచ్చుకుని మీ యంత్రం మీదే కంపైల్ చేస్తుంది. ఏ ప్రోగ్రామ్‌లో ఏ సదుపాయం ఉండాలో యూజ్ ఫ్లాగులతో మీరే చెప్పవచ్చు. బ్లూటూత్ అక్కర్లేదంటే ఆ కోడ్ కంపైలే కాదు.

ఈ రెండు కథలూ కలిసేది వర్చువల్ మెషీన్‌లో జెంటూ ఇన్‌స్టలేషన్‌ చేసేటప్పుడు. ఖాళీ వర్చువల్ డిస్క్‌ను భాగాలు చేసి, ఫార్మాట్ చేసి, స్టేజ్3 అనే మూటను అందులో విప్పుతాం. కంపైలర్, షెల్, ప్రాథమిక లైబ్రరీలు సిద్ధంగా ఉండేది అందులోనే. సోర్స్ నుంచి కట్టే సిస్టమ్‌కైనా ముందుగా తయారైన కంపైలర్ ఒకటి ఉండి తీరాలన్న పాఠం ఇక్కడే కళ్లకు కడుతుంది. తర్వాత సీహెచ్‌రూట్ ఆదేశంతో ఆ కొత్త సిస్టమ్ లోపలికి వెళ్లి, సెట్టింగులు రాసి, పోర్టేజ్‌ను నడిపే ఎమర్జ్ ఆదేశం ఇస్తే తెర మీద కంపైలర్ వరుసలు పారుతుంటాయి. వర్చువల్ మెషీన్‌కు మెమరీ ధారాళంగా ఇవ్వాలి. ఒకేసారి నడిచే ఒక్కో కంపైల్ పనికి 2 జీబీ చొప్పున లెక్కేసుకోవడం మేలు.

అసలు పరీక్ష కెర్నెల్ దగ్గర. కేవీఎం ఇచ్చే డిస్క్ సాధారణంగా వర్ట్ఐఓ రకం. దాని డ్రైవర్ చేర్చకుండా కెర్నెల్ కడితే, రీబూట్ అయ్యాక రూట్ ఫైల్‌సిస్టమ్ దొరకలేదంటూ కెర్నెల్ ప్యానిక్ వస్తుంది. డిస్క్ అక్కడే ఉంది, దాంతో మాట్లాడే భాష కెర్నెల్‌కు రాదు. అసలు ల్యాప్‌టాప్‌లో ఇది జరిగితే పని ఆగిపోతుంది. ఇక్కడ ముందే దాచుకున్న స్నాప్‌షాట్‌కు వెనక్కి వెళ్లి, ఆ ఒక్క ఎంపిక మార్చి మళ్లీ కట్టవచ్చు. డ్రైవర్ అంటే ఏమిటో పుస్తకం కన్నా ఈ తెర గట్టిగా నేర్పుతుంది.

మరో జాగ్రత్త. 'మార్చ్ నేటివ్' అనే కంపైలర్ ఎంపిక, వర్చువల్ మెషీన్‌కు కనిపించే ప్రాసెసర్‌కు సరిపడేలా కోడ్ తయారుచేస్తుంది. ఆ డిస్క్‌ను పాత ప్రాసెసర్ ఉన్న కంప్యూటర్‌కు మారిస్తే, అక్కడ లేని ఆదేశం ఎదురై ప్రోగ్రామ్ ఆగిపోవచ్చు.

2023 డిసెంబర్ నుంచి జెంటూ సిద్ధంగా కంపైల్ చేసిన ప్యాకేజీలను కూడా విస్తృతంగా అందిస్తోంది. కాబట్టి పెద్ద బ్రౌజర్ కోసం గంటల తరబడి ఎదురుచూడనక్కర్లేదు. తెలుసుకోవాలనుకున్న భాగాలనే సోర్స్ నుంచి కట్టుకోవచ్చు.

మన ఇంజినీరింగ్ కాలేజీల ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబుల్లో రౌండ్ రాబిన్, బ్యాంకర్స్ అల్గారిథమ్ లాంటివి సీ భాషలో రాయిస్తారు. అవి అవసరమే. కానీ వాటితో పాటు ప్రతి విద్యార్థీ ఒక్కసారైనా ఖాళీ వర్చువల్ డిస్క్ మీద సొంత సిస్టమ్ కట్టి, బూట్ చేసి చూడాలి. దానికి కొత్త కంప్యూటర్ కొనక్కర్లేదు, ఉన్న డేటాకు నష్టం లేదు. అప్పట్లో ఐబీఎం ప్రయోగశాల లోపల కొద్దిమందికి దక్కిన అవకాశం ఇప్పుడు హాస్టల్ గదిలోని ల్యాప్‌టాప్‌లోనే ఉంది. దాన్ని సిలబస్‌లోకి తెచ్చుకోవడమే మిగిలింది.