కలుపులో కూర

గత సంవత్సరము కోతపండుగకు ముందు మా సంఘ యౌవనస్థులు గుడి ఆవరణ శుభ్రము చేయ పూనుకొన్నారు. వానలకు కలుపు మోకాలెత్తు పెరిగియున్నది. చేతితో పీకితే రెండు రోజులు పట్టును, కలుపు మందు కొడితే ఒక పూటలో అయిపోవునని వారన్నారు. మేమూ సరే అన్నాము. డబ్బాలో మందు కలుపుచుండగా గుడి పక్క ఇంటి అవ్వ చేట పట్టుకొని వచ్చినది.

"ఆగండి నాయనా, ముందు నన్ను కూర కోసుకోనియ్యండి."

"ఇక్కడేమి కూర అవ్వా?" అని పిల్లలు నవ్వారు. అరగంటలో చేట నిండినది. కరువు రోజులలో తన ముగ్గురు బిడ్డలను ఈ ఆకులతోనే సాకినానని ఆమె చెప్పినప్పుడు ఎవరూ నవ్వలేదు. మందు డబ్బా పక్కన పెట్టి ఆమె వెనుక నడిచాము.

చేటలో ఎక్కువ భాగము గంగవాయిలి కూర. కొన్ని ఊళ్లలో పావిలి కూర అందురు. నేలను పరచుకొను ఎర్రని కాడ, దళసరి చిన్న ఆకు, పసుపు పువ్వు. పులుపు ఉండును గనుక కందిపప్పులో వేస్తే చింతపండు తగ్గించవచ్చును. ఒమేగా-3 అను మేలైన కొవ్వు ఆకుకూరలలో ఇంతగా దొరుకుట అరుదు. మూత్రపిండాలలో రాళ్లున్నవారు మాత్రము దీనిని తగ్గించుకొనవలెను. కాలువ గట్టున పొన్నగంటి కూడ దొరికినది. దాని కణుపు తడి నేలలో గుచ్చితే చాలు, వేరు పట్టును.

అవ్వ ప్రతి కాడనూ విరిచి చూచుట గమనించాము. ఎందుకని అడిగితే, నేలబారు నానబాలు మొక్క గంగవాయిలిలోనే కలిసి పెరుగునట. విరిస్తే తెల్లని పాలు కారును. అది కూరకు పనికిరాదు. గంగవాయిలికి పాలుండవు. మాకు వెంటనే రెండవ రాజుల గ్రంథము 4వ అధ్యాయము జ్ఞాపకము వచ్చినది. గిల్గాలులో కరువు వచ్చినప్పుడు కూరాకులు ఏరుటకు పొలములోనికి వెళ్లినవాడు ఆకలిగొన్నవారి మేలు కోరే వెళ్లాడు. కాని తెలియని తీగ కాయలు తెచ్చి కుండలో తరిగి వేశాడు. అక్కడ ఎలీషా ఉన్నాడు గనుక ప్రాణాలు దక్కినవి. గుర్తు తెలియని ఆకు ఎంత లేతగా ఉన్నా కోయవద్దు; తెలిసిన పెద్దవారికి చూపండి. మందు కొట్టిన చేలో, గట్టున, మురుగు పక్కన తెలిసిన ఆకైనా కోయవద్దు. ఆ రోజు మేము మందు కొట్టి, మరునాడు ఏ ఇల్లాలో తెలియక కోసుకొని ఉంటే? ఆ తలంపు మమ్మును చాల దినములు వదలలేదు.

తిననివి కూడ వ్యర్థము కావు. గుంటగలగర ఆకు రసమును కొబ్బరినూనెలో కలిపి, చిటపటలు ఆగువరకు సన్నని సెగమీద కాచి వడకడితే తలనూనె. తుంగ గడ్డలను కడిగి ఎండబెట్టి దంచితే సున్నిపిండిలో కలుపుకొన తగిన సువాసన పొడి. పొలములో రైతును ఏడిపించునది ఈ గడ్డలే. పైన కోస్తే మరల మొలుచును గాని తవ్వితేనే పోవును. కాబట్టి తవ్వినవాటిని పారవేయనేల?

నేల ఉసిరి విషయములో ఒక మాట. కామెర్లకు దీనిని నూరి ఇచ్చుట మన పల్లెలలో వాడుక. 1988లో మద్రాసు పరిశోధకుల ఫలితములు హెపటైటిస్-బి రోగులకు ఆశ కలిగించినవి గాని, తరువాతి పరీక్షలలో అవి నిలువలేదు. కన్ను పచ్చబడితే ముందు రక్తపరీక్షకు వెళ్లండి.

వయ్యారిభామను మాత్రము అవ్వ ముట్టనియ్యలేదు. చర్మమునకు దురద, కొందరికి ఉబ్బసము. పశువు తింటే పాలు చేదు. చేతులకు గుడ్డ చుట్టుకొని, పూత రాకముందే పీకించి, పేడతో కలిపి గోతిలో పూడ్చాము. పూసినదానిని గోతిలో వేస్తే ఎరువుతోపాటు విత్తనము కూడ చల్లినట్లే.

పని రెండు రోజులు కాదు, మూడు రోజులు పట్టినది. కోతపండుగనాడు కానుకల వేలములో గుమ్మడికాయల పక్కన అవ్వ తెచ్చిన గంగవాయిలి కట్ట ఉన్నది. మందు కలిపిన కుర్రవాడే దానిని పాడుకొన్నాడు. అయితే ఎట్లు వండవలెనో అతని తల్లికి తెలియక, ఆ సాయంత్రమే అవ్వ ఇంటికి కట్టతో సహా వెళ్లినది.