క్లోరైడును మింగు పంజరము

కోనసీమలో సముద్రతీర గ్రామములందు పెక్కు బావుల నీరు ఉప్పన. ఆ నీటిలో ఋణావేశముగల అయానులు పలురకములు కలవు. వానిలో క్లోరైడును మాత్రమే ఏరి పట్టుట ఎట్లు?

1968లో అమెరికాలో పార్కు, సిమన్సు అను రసాయనజ్ఞులు పంజరమువంటి అణువులను వర్ణించిరి. పంజరపు రెండు కొనలందును నైట్రొజను పరమాణువులుండును. ఆమ్లములో అవి హైడ్రొజను అయానులను గ్రహించి ధనావేశము పొందును. లోపలికి తిరిగిన ఆ హైడ్రొజనులు నడుమ చేరిన క్లోరైడును ఇరువైపుల నుండి పట్టుకొనును. 'మింగు' అను అర్థముగల గ్రీకు మాటనుబట్టి వీనికి కేటపినాండులని పేరు.

కొలతయే ఇచట కీలకము. క్లోరైడు వ్యాసార్ధము 1.81 ఆంగ్‌స్ట్రాములు, దానికి సరిపడిన పంజరములో అంతకంటె పెద్దదైన అయొడైడు చక్కగా ఇమడదు.

ఒక పంజరము పట్టునది ఒక్క అయానునే. కనుక అయానులను ఏరి పట్టు ఇట్టి అణువులు బావినీటిని మంచినీరు చేయుటకంటె, అందలి క్లోరైడును గుర్తించి కొలుచుటకే ఎక్కువ అనువైనవి.