ఆరు షిల్లింగుల తప్పు

చార్లెస్ డికెన్సు నవలలు చదివి నవ్వనివారూ లేరు, కంటతడి పెట్టనివారూ లేరు. ‘డేవిడ్ కాపర్‌ఫీల్డు’ సంగ్రహం బళ్ళో మాకు ఉపవాచకం. అందులోని మికాబర్ దొరగారంటే నాకు ప్రాణం. ఆయనకు నిలువెల్లా అప్పులే. బాకీలవాళ్ళు గుమ్మంలో కేకలు వేస్తూంటే కుమిలిపోతాడు. వాళ్ళు అటు వెళ్ళగానే బూట్లు మెరుగు పెట్టుకొని, కూనిరాగం తీస్తూ షికారు బయలుదేరుతాడు. ఎప్పటికో ఒకప్పటికి అదృష్టం కలిసి వస్తుందని ధీమా!

డికెన్సు తన తండ్రి జాన్ డికెన్సును చూసే ఈ పాత్రను మలిచాడని నాకు చాలా ఏళ్ళకు గాని తెలియలేదు. ఆ నవ్వు వెనుక ఉన్న కథ ఇదీ.

జాన్ డికెన్సు నౌకాదళపు జీతాల కచేరీలో గుమాస్తా. జీతం మంచిదే. ఖర్చు మాత్రం అంతకు మించినది. ఇంట్లో సామాను ఒక్కొక్కటే తాకట్టుకొట్టు చేరింది. పిల్లవాడు ప్రాణంగా చూసుకొనే పుస్తకాలను అమ్ముకురావడానికి వాడినే పంపారు. తల్లి ఎలిజబెత్ చేతులు ముడుచుకొని కూర్చోలేదు. వీధి తలుపుకు ఇత్తడి పలక కొట్టించి, బడి పెడతానన్నది. ఒక్క పిల్ల అయినా చేరలేదు.

1824 ఫిబ్రవరిలో, 12 ఏళ్ళు నిండిన రెండు రోజులకే, చార్లెస్‌ను లండనులో థేమ్సు ఒడ్డున ఉన్న బూటుపాలిషు కర్మాగారంలో చేర్చారు. అదొక ఎలుకలు తిరిగే పాడుకొంప. రోజుకు 10 గంటల సేపు పాలిషు బుడ్లకు కాగితం కప్పి, చీటీలు అంటించాలి. వారానికి కూలి 6 షిల్లింగులు. ఆ నెలలోనే ఒక రొట్టెలవాడికి 40 పౌన్ల 10 షిల్లింగులు బాకీ పడినందుకు తండ్రిని మార్షల్సీ జైలులో పెట్టారు. అప్పు తీర్చలేనివాణ్ణి ఖైదు చేయడం ఆనాటి ఇంగ్లండు చట్టం. బయట ఉండి తీర్చలేనివాడు లోపల కూర్చుని ఎలా తీరుస్తాడు? అదే అందులోని చోద్యం. కొన్నాళ్ళకు తల్లి చిన్నపిల్లలతో సహా ఆ జైలు గదికే కాపురం మార్చింది. చార్లెస్ మాత్రం పరాయి ఇంట బసచేసి, ఆదివారాలు వెళ్ళి వాళ్ళను చూసి వచ్చేవాడు.

మూడు నెలలకు తండ్రి దివాలా చట్టం కింద విడుదలయ్యాడు. తరువాత కొంతకాలానికి, కర్మాగారం వ్యవహారం చూసే బంధువుతో తగాదాపడి కొడుకును పని మాన్పించాడు. తల్లి వెంటనే వెళ్ళి తగాదా సర్దుబాటు చేసి, పిల్లవాణ్ణి మళ్ళీ పంపించమన్న కబురు తెచ్చింది. తండ్రి ససేమిరా అని బడిలో వేశాడు. తల్లి తనను తిరిగి అక్కడికే పంపాలనుకొన్నదన్న సంగతి డికెన్సు జన్మలో మరవలేకపోయాడు. ఆ బాధను స్నేహితుడు ఫార్‌స్టరుకు మాత్రమే వ్రాసి ఇచ్చాడు. డికెన్సు 1870లో పోయాక, ఫార్‌స్టరు రచించిన జీవితచరిత్ర వెలువడితే గాని లోకానికి ఈ సంగతి తెలియలేదు.

ఒక సాయంత్రం ఈ కథంతా మా అమ్మకు చెప్పాను. చిక్కుడుకాయలు ఒలుస్తూ విన్నది. ‘అయ్యో, పసివాడు!’ అంటుందనుకొన్నాను, అన్నది కూడాను. కాసేపాగి, ‘ఆ ఆరూ రాకపోతే ఆవిడ పొయ్యిలో పిల్లి లేచేదిట్రా?’ అన్నది.

నాకు నోట మాట రాలేదు. మా నాన్నగారు ఒక స్నేహితుడికి హామీ సంతకం చేసి ఇల్లు గుల్ల చేసుకొన్నారు. ఊళ్ళో ఆయనను ఇప్పటికీ ధర్మరాజనే అంటారు. మా అన్నయ్యను కాలేజీ మాన్పించి, కొట్టులో పద్దులు వ్రాయడానికి పంపింది మాత్రం అమ్మ. చాలా ఏళ్ళు అన్నయ్య అమ్మతో మనసిచ్చి మాట్లాడలేదు. నేను చదువుకొన్నది ఆ జీతం మీదే.

అమ్మ మాట మనసులో పెట్టుకొని ‘లిటిల్ డారిట్’ తీశాను. 1855 డిసెంబరు నుంచి 1857 జూను దాకా, మన సీరియల్‌లాగే, బొమ్మలతో నెలనెలా ఒక భాగంగా షిల్లింగు వెలకు వచ్చిన నవల ఇది. అప్పటికి మార్షల్సీని మూసి 13 ఏళ్ళయినా, డికెన్సు కథను ఆ జైలులోనే నడిపించాడు. డారిట్ అనే పెద్దమనిషి 20 ఏళ్ళకు పైగా అక్కడే ఖైదీ. జైలుకంతటికీ తానే పెద్ద దిక్కన్న దర్పం. వచ్చిపోయేవాళ్ళు చేతిలో పెట్టే చిల్లరను కానుకగా స్వీకరిస్తాడు. ఆ జైలులోనే పుట్టిన చిన్నకూతురు ఏమీ బయటికి వెళ్ళి బట్టలు కుట్టి, తన తిండి దాచి తండ్రికి పెడుతుంది. కూతురు కూలిచేస్తున్నదని ఆయన ఎరగనట్టే ఉంటాడు. తండ్రి పరువుకోసం ఆమె కూడా ఎరగనట్టే ఉంటుంది. చివరకు ఆస్తి కలిసివచ్చి రోము నగరంలో విందుకు కూర్చున్ననాడు, మతి చలించి, ఆ అతిథులనే జైలుకు వచ్చినవాళ్ళనుకొని స్వాగతం చెబుతాడు. అది చదువుతూంటే గుండె చెరువవుతుంది.

డికెన్సు నిరుపేదల వర్క్‌హౌసుల మీద ‘ఆలివర్ ట్విస్టు’, దివాణాల జాప్యం మీద ‘బ్లీక్ హౌస్’, కర్మాగారాల మీద ‘హార్డ్ టైమ్స్’ వ్రాశాడు. అప్పులకు ఖైదు చేసే పద్ధతిని 1869 చట్టం చాలావరకు తీసివేసింది. మార్షల్సీ జైలులో నేడు లండనులో మిగిలింది ఒక గోడే. కాని అప్పు ఒకరు చేస్తే, దాని బరువును నోరెత్తకుండా మోసేది ఆ ఇంటి ఆడదీ, పిల్లలూ అన్న సత్యానికి కాలదోషం పట్టలేదు. డికెన్సు దానిని పసివాడిలో చూశాడు, కూతురిలో చూశాడు, తల్లిలో మాత్రం చూడలేకపోయాడు. అప్పుచేసిన తండ్రి నవ్వించే మికాబరయ్యాడు. ఆరు షిల్లింగులకు ఆశపడిన తల్లి ‘నికోలస్ నికల్‌బీ’లో వదరుబోతు నికల్‌బీ దొరసాని అయింది.

అయితే ‘కాపర్‌ఫీల్డు’ మళ్ళీ తిరగేస్తే ఒక సంగతి కంటబడింది. మికాబర్ దొరసాని కూడా వీధి తలుపుకు ఇత్తడి పలక కొట్టించి బడి పెడుతుంది. అక్కడికీ ఒక్క పిల్ల రాదు. తల్లిని క్షమించలేని కొడుకు ఆ పలకను మాత్రం 25 ఏళ్ళు మనసులో దాచుకొన్నాడన్న మాట!

ఈసారి అన్నయ్య వచ్చినప్పుడు ఆ పేజీ తీసి చూపించాలనుకొంటున్నాను.